కెప్టెన్ గారి కొలతలు

రేవు నుంచి,
నవంబరు 8

అక్కా,

ముందు కత్తెర కింద పెట్టు. బావని పక్కన కూర్చోమను. నువ్వు లేచి అరిస్తే పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి.

నేను హాస్పిటల్ క్యాంటీన్‌లో పని నేర్చుకోవడానికి వెళ్ళలేదు. అది నీ చెవిలో పెట్టిన పువ్వు. ఇప్పుడు నేనొక తెరచాప పడవలో, కూరలు తరిగే చెక్క ఒళ్ళో పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు, సముద్రానిది.

ఇది అద్దెకు తిప్పే పడవ. యాట్ అంటారు. ఉన్నవాళ్ళు వారానికో పది రోజులకో మాట్లాడుకుని దీవుల వెంట తిరుగుతారు. వాళ్ళకి వండిపెట్టే మనిషి కావాలని పేపర్లో వేశారు. మన షాపులో ఎవరిదో ప్యాంటు చుట్టి ఇవ్వబోతుంటే ఆ ప్రకటన కళ్ళబడింది. ప్యాంటుని వేరే కాగితంలో చుట్టి ఇచ్చేశాను.

ఇంటర్వ్యూ ఎలా జరిగిందో తెలుసా? కెప్టెన్ గారు ఒక ఉల్లిపాయ, ఒక కత్తి చేతికిచ్చి, "తరగండి" అన్నారు. తరిగాను. "ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి తరగండి" అన్నారు.

"ఎందుకండీ?"

"రెండో కాలు గిన్నెల అర తలుపుకి అడ్డం పెట్టాలి. లేకపోతే గిన్నెలన్నీ మీ నెత్తిన ఉంటాయి."

అలాగే తరిగాను. ఉద్యోగం ఇచ్చేశారు!

ఎందుకొచ్చానో నువ్వు అడగకముందే చెప్తాను. నా మిషను పైన గోడకి ఒక బొమ్మ అంటించి ఉంది కదా. నాలుగు వైపులా సముద్రం, మధ్యలో గోరంత ఇసుక మేట. నీళ్ళు తీసినప్పుడు పైకి తేలి, పోటు రాగానే మునిగిపోయే ఇసుక. చదువుకునే రోజుల్లో పత్రికలోంచి చించుకున్నాను. నువ్వు దాని మీద మేకు కొట్టి టేపు తగిలించేదానివి. సీజన్ ఆఖరి ట్రిప్పులో ఈ పడవ అక్కడికి వెళ్తుందట. సముద్రం నట్టనడుమ, కాళ్ళ కింద నేల! ఆ మాట అనుకుంటేనే నాకు కడుపులో చేపలు ఈదుతున్నాయి.

నీకెందుకు చెప్పలేదంటావా? చెప్తే వద్దంటావు. నువ్వు వద్దంటే నేను మానేస్తాను. అంతే.

ఫోను చెయ్యకు. నిన్న వంగి చేపల్ని చూస్తుంటే అది జేబులోంచి జారి వాటి దగ్గరికే వెళ్ళిపోయింది. రేవు ఆఫీసు కేరాఫ్ ఉత్తరం రాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ తీసుకుంటాను.

కొట్టకు,
నీ చెల్లి

*

ఇంటి నుంచి,
నవంబరు 17

ఒసేయ్ పిడుగా,

ఫోను పోతే పోయింది, మళ్ళీ కొనకు. ఫోన్లో నేను ఒకటంటే నువ్వు రెండంటావు. ఉత్తరంలో అయితే చచ్చినట్టు చివరిదాకా వినాలి.

నలభై ఆరేళ్ళొచ్చాయి. పేపర్లో చూసి పడవెక్కేస్తావా? నీకు ఈతొచ్చా? బకెట్లో నీళ్ళు నిండితేనే రెండడుగులు వెనక్కి వేసేదానివి! నువ్వు మునిగితే నాకు కబురు చెప్పేదెవరు, చేపలా?

ఇక్కడి సంగతులు విను. కాజాలు కుట్టేవాళ్ళు లేరు. గుండీలు లేని చొక్కాలు దండెం మీద బారులు తీరి నన్ను చూస్తున్నాయి. నిన్న గుడ్లు ఉడకబెడతానని మీ బావ వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె పెట్టాడు, గుడ్లు పెట్టాడు, మంట పెట్టాడు. నీళ్ళు మాత్రం పొయ్యలేదు. ఆ పేలుళ్ళకి ఇస్త్రీ బండి ఆవిడ పరిగెత్తుకొచ్చింది. కండక్టరు ఉద్యోగం దిగి అయిదేళ్ళవుతున్నా ఈయనకి "రైట్ రైట్" అనడం తప్ప ఇంకో పని రాదు.

పైగా ఎవరా కెప్టెన్? ఆడమనిషిని ఒంటికాలి మీద నిలబెట్టడానికి ఆయనెవరు? వయసెంత? పెళ్ళాం పిల్లలున్నారా? తాగుతాడా? నీ పడక ఎక్కడ? తలుపుకి గడియ ఉందా? ఒక్కటి కూడా రాయలేదు. ఇసుకంట ఇసుక! మన వీధి చివర ఇల్లు కడుతున్నారు, రెండు లారీల ఇసుక పోశారు. వచ్చి నిలబడు.

ఉత్తరం అందగానే బస్సెక్కు.

నీ అక్క

*

రేవు నుంచి,
నవంబరు 29

అక్కా,

నీ ఉత్తరం గట్టిగా చదివితే మా తాళ్ళాయన కూడా విన్నాడు. తాళ్ళాయనంటే తెరచాపలు ఎత్తి దించే పెద్దాయన. రోజుకి ఒక్క మాట కంటే మాట్లాడడు. ఆ రోజు మాట, "గుడ్లు?"

గడియ ఉంది. పడక పడవ ముక్కు భాగంలో. కొస సన్నగా ఉంటుంది, నిద్రలో అటు తిరిగితే తల, ఇటు తిరిగితే మోకాలు తగులుతుంది. వంటగది మన ట్రయల్ రూమంత. పడవ ఒరిగినప్పుడు స్టవ్ ఉయ్యాలలా ఊగుతుంది, అప్పుడు దాని మీద గిన్నె నిటారుగా ఉంటుంది, నేనే వంకరగా ఉంటాను. ఎంత బావుందో!

మొదటి ట్రిప్పు ఒక కొత్త జంటది. ఎక్కినప్పట్నుంచీ మూతులు ముడుచుకుని కూర్చున్నారు. మాటల్లేవు. నేను సూప్ తెస్తుంటే అల కొట్టి, గిన్నెడు సూపూ ఇద్దరి ఒళ్ళో పడింది. ఇద్దరూ ఏకమై నన్ను తిట్టారు. అప్పట్నుంచి వాళ్ళు విడిపోతే ఒట్టు!

అదే రోజు సాయంత్రం ఇంకో పెద్ద అల వచ్చింది. కెప్టెన్ గారు మెట్ల మీద నుంచి జారి సరిగ్గా నా మీద పడ్డారు. ఇద్దరం ఉల్లిపాయల బుట్టలో ఉన్నాం. లేచి ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎంత నవ్వామో చెప్పలేను.

ఈత గురించి నువ్వు దిగులు పడకు. కెప్టెన్ గారే నేర్పిస్తున్నారు. పొద్దున్నే, అతిథులు లేవకముందు, లంగరు దగ్గర నీళ్ళల్లోకి దిగుతాం. నా నడుం కింద చెయ్యి పెట్టి, "ఒళ్ళు వదిలెయ్యి, నేనున్నాను కదా" అంటారు. వదిలేశాను అక్కా! తేలాను! ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. అరిచిన అరుపుకి అతిథులు లేచిపోయారు.

నువ్వడిగావు కాబట్టి నేనూ అడిగాను. కెప్టెన్ గారికి యాభై రెండు. తాగరు. పెళ్ళి ఒకసారి అయిందట, నిలబడలేదట. "నాకూ సముద్రానికీ మధ్య మూడో మనిషి ఇమడలేదు" అన్నారు. నా చేపల కూర తిని మాత్రం, "ఇన్నేళ్ళూ ఈ పడవలో ఏదో తక్కువ అనిపించేది, ఇక వెతుక్కోనక్కర్లేదు" అన్నట్టు తల ఊపారు.

బావని గుడ్ల జోలికి వెళ్ళొద్దను.

తేలుతూ,
నీ చెల్లి

*

ఇంటి నుంచి,
డిసెంబరు 9

నా బంగారూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి మీ బావ చదివి వినిపిస్తే ఇంకా మండింది. మూడోసారి నడుం కింద చెయ్యి దగ్గరికి వచ్చేసరికి నాకు తట్టింది. చేతిలో సూది అలాగే ఆగిపోయింది.

నువ్వేమీ విప్పి చెప్పక్కర్లేదు. అక్కని, ఆ మాత్రం అర్థం చేసుకోలేనా? నీ మంచి కోసమే కదా నేను అరిచేది. మనిషి మంచివాడైతే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఒక్కసారి బెడిసికొట్టినంత మాత్రాన ఎవరినీ తప్పు పట్టకూడదు. ఈ వయసులో తలుపు తట్టిన అదృష్టాన్ని ఎవరు మీరని అడగకూడదు. మీ బావని అడిగితే "రైట్ రైట్" అన్నాడు. కాబట్టి మా ఇద్దరికీ ఇష్టమే. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఒక పని చెయ్యి. కెప్టెన్ గారి కొలతలు పంపు. ఛాతీ, నడుం, సీటు, భుజం, చేతి పొడవు. ఎందుకని అడగకు. మంచి ముదురు నీలం గుడ్డ ఒకటి ఎప్పట్నుంచో దాచి ఉంచాను, దాని రోజు వచ్చింది.

ఇస్త్రీ ఆవిడకి మాత్రమే చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ ఈత పాఠాలు కాస్త తగ్గించుకోండి. జనం చూస్తారు.

ప్రేమతో,
అక్క

*

రేవు నుంచి,
డిసెంబరు 18

అక్కా అక్కా అక్కా,

నువ్వు ఒప్పుకున్నావు! నమ్మలేక ఉత్తరాన్ని తాళ్ళాయనకి చూపించాను, నేను చదివింది కరెక్టేనా అని. తల ఊపాడు. ఇన్నాళ్ళూ పనిచేస్తున్నానే గానీ లోపల ఒక ముల్లు ఉండేది, అక్క కోపంగా ఉందే అని. ఆ ముల్లు పోయింది. నిన్న ఆమ్లెట్‌ని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాను. రెండోది కిటికీలోంచి వెళ్ళిపోయిందనుకో.

వెంటనే వెళ్ళి, "మా అక్క ఒప్పుకుంది!" అని చెప్పాను. కెప్టెన్ గారు చుక్కాని వదిలేసి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "అయితే వచ్చే సీజన్ కూడా నాతోనే ఉంటావా?" అని అడిగారు. ఆలోచించలేదు అక్కా. "ఉంటాను" అనేశాను.

కొలతలు అడిగితే కెప్టెన్ గారు ముందు సిగ్గుపడ్డారు. "నాకెవరూ బట్టలు కుట్టివ్వలేదు ఇంతవరకు, అన్నీ రెడీమేడే" అన్నారు. పడవ ఊగుతుంటే టేపు పట్టుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు. ఛాతీ నలభై, నడుం ముప్ఫై, సీటు నలభై రెండు, భుజం పదిహేను. చేతి పొడవు ఇరవై రెండు. ఇంత మంచి ఆలోచన నీకే వస్తుంది. నువ్వు కుట్టిన బట్టలో కెప్టెన్ గారు చుక్కాని దగ్గర నిలబడితే నేను చూడాలి.

సంతోషంతో తలకిందులైన,
నీ చెల్లి

*

ఇంటి నుంచి,
డిసెంబరు 28

నా బంగారు తల్లీ,

"నాతోనే ఉంటావా" అని అడిగాడా! రెండు చేతులూ పట్టుకుని! మీ బావ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు "ఈ ఊరికి ఆఖరి బస్సెన్నింటికి?" అని తప్ప ఇంకో మాట అడగలేదు. నువ్వు అదృష్టవంతురాలివే.

కానీ ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని కొలతలు తీయడం ఇదేనా నేర్చుకుంది? నడుం ముప్ఫై, సీటు నలభై రెండూనా? అది మగాడి ఒళ్ళా, కూజానా? టేపు ఎక్కడో మెలిపడి ఉంటుంది. లేదా నువ్వు సిగ్గుతో కళ్ళు మూసుకుని తీసుంటావు. నా అనుభవం కొద్దీ సరిచేశాను. నడుం ముప్ఫై ఎనిమిది పెట్టాను, సీటు తగ్గించాను, భుజం పెంచాను. యాభై రెండేళ్ళ మగవాడికి పొట్ట లేకుండా ఎలా ఉంటుంది?

కోటు, ప్యాంటు, లోపలికి తెల్ల చొక్కా. కాజాలు నేనే కుట్టాను, నా కళ్ళు పోయాయి. పార్సిల్ ఈ ఉత్తరంతోనే వస్తుంది. పెళ్ళి ఎక్కడ పెట్టుకుందామో ఆయన్ని అడిగి రాయి. పడవ మీద అంటే మాత్రం నేను రాను. నేను వాంతి చేసుకుంటూ అక్షింతలు వెయ్యలేను.

ఇస్త్రీ ఆవిడ పాలబండి అతనికి చెప్పిందట. అతను ఊళ్ళో ప్రతి గుమ్మంలోనూ ఆగుతాడు కదా. పొద్దున్నుంచి ఒకటే పలకరింపులు. నా కాళ్ళు భూమి మీద ఆగట్లేదంటే నమ్ము.

మరిది గారికి మా నమస్కారాలు చెప్పు.

నీ అక్క

*

రేవు నుంచి,
జనవరి 10

అక్కా,

నువ్విప్పుడు నిలబడి ఉంటే కూర్చో. కూర్చుని ఉంటే పడుకో.

కెప్టెన్ గారు ఆడమనిషి.

నేను దాచలేదు, ఒట్టు! అసలు చెప్పాల్సిన విషయమని నాకు తట్టనే లేదు. నువ్వు "ఆయనెవరు" అని రాసినా, తిట్లు లెక్కపెట్టుకునే హడావిడిలో నా కంట పడలేదు. "గారు" అన్నాను, "అన్నారు" అన్నాను, "పడ్డారు" అన్నాను. ఒక్కచోటయినా "ఆయన" అని రాశానేమో నా ఉత్తరాలు తిరగేసి చూడు. మన టీచరు గారిని కూడా ఇలాగే కదా అంటాం! నడుం ముప్ఫై, సీటు నలభై రెండూ అని చెప్పాక కూడా, ముప్ఫై ఏళ్ళుగా టైలరువి, నీకు అనుమానం రాలేదా?

పార్సిలూ ఉత్తరమూ ఒక్కసారే వచ్చాయి. పార్సిల్ ముందు విప్పాం. కెప్టెన్ గారు కోటు తొడుక్కున్నారు. చేతులు వేళ్ళు దాటి కిందికి వేలాడాయి. ప్యాంటు ఒక చేత్తో పట్టుకోకపోతే నిలబడలేదు. "మీ అక్క నాకు ఎదగడానికి చోటు ఉంచింది" అన్నారు. తర్వాత నేను ఉత్తరం గట్టిగా చదవడం మొదలుపెట్టాను, ఎప్పటిలాగే. "మరిది గారికి" దగ్గరికి వచ్చేసరికి తాళ్ళాయన తాడు వదిలేసి నేల మీద కూర్చుండిపోయాడు. నవ్వు తట్టుకోలేక! ఆయన నవ్వగలడని ఈ పడవలో ఎవరికీ తెలీదు. కెప్టెన్ గారైతే కోటు చేతులతో కళ్ళు తుడుచుకుంటూ, "బట్టలతో సహా నాకు వచ్చిన మొదటి సంబంధం ఇదే" అన్నారు.

అక్కా, నాకు పెళ్ళి అక్కర్లేదు. ఇంతకంటే గాల్లో తేలాలంటే రెక్కలు మొలవాలి. వచ్చే వారం ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య ఎక్కుతున్నారు. అదే ఆఖరి ట్రిప్పు. ఇసుక మేటకి.

కోపం తెచ్చుకోకు. నువ్వు కూడా ఒక్కసారి నవ్వు.

నీ చెల్లి

*

ఇంటి నుంచి,
జనవరి 19

చెల్లీ,

నవ్వమంటావా? వీధి వీధంతా నా బదులు నవ్వుతోంది. "పెళ్ళికొడుకు చీర కడతాడా, ప్యాంటేస్తాడా?" అని పాలబండి అతను నిన్న గుమ్మంలో నిలబడి అడిగాడు. మీ బావ లోపలికెళ్ళి తలగడలో మొహం పెట్టుకుని నవ్వుతున్నాడు, నాకు వినపడదనుకుని. ఇల్లు కదిలింది.

నా తొందర నాదే. దానికి నిన్నేమీ అనను. కానీ ఒక మాట ఉంది. "నువ్వు వద్దంటే నేను మానేస్తాను" అని మొదటి ఉత్తరంలో రాశావు. అప్పట్నుంచి ఆ వాక్యం మింగుడుపడలేదు. నేను వద్దంటే మానేస్తావా? అంత భయపెట్టానా నిన్ను? నేనేదో రోజుకి వంద వద్దులు అంటాను. ఊపిరి తీసినట్టు అంటాను. అవి వినాలని ఎవరు చెప్పారు? మీ బావ ఒక్కటైనా వింటాడా?

పక్కన నీ కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద గుడ్డలు పెట్టబుద్ధి కావట్లేదు.

సరే. వెళ్ళు, నీ ఇసుక మీద నిలబడు. తర్వాత రావాలనిపిస్తే రా. లేకపోతే నీ ఇష్టం.

ఆ కోటు మాత్రం ఆవిణ్ణి వేసుకోవద్దని చెప్పు. వెంటనే తిరిగి పంపు.

అక్క

తా.క.: చేతులు మడిచి వేసుకుంటోందా? నిజం చెప్పు.

*

రేవు నుంచి,
ఫిబ్రవరి 5

అక్కా,

మడిచే వేసుకుంటున్నారు. రోజూ. తిరిగి పంపమంటే "పంపను" అన్నారు.

నిలబడ్డాను అక్కా. నిలబడి వచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు.

మూడో రోజు పొద్దున పెద్ద తెరచాప చిరిగింది. గాలి ఒక్క తన్ను తన్నేసరికి పర్రుమంది. ఇంజను మీద నెమ్మదిగా వెళ్తే నీళ్ళు తీసే వేళ దాటిపోతుందన్నారు కెప్టెన్ గారు. మర్నాటి నుంచి రెండు మూడు రోజులు గాలివానట. నేను దబ్బనం అడిగాను. తెరచాపని పడవ మీద పరిచి ఒక వైపు నుంచి మొదలుపెట్టాను. కాసేపయ్యాక పళ్ళ డాక్టరు వచ్చి పక్కన కూర్చుని, "నేనూ రోజూ కుట్టేవాణ్ణే, చిగుళ్ళు" అని రెండో వైపు నుంచి మొదలుపెట్టాడు. ఆయన కుట్టు నా కుట్టు కంటే చిన్నది, ముద్దొచ్చేలా ఉంది! ఆయన భార్య మా ఇద్దరికీ దారాలు ఎక్కిస్తూ, "ఇంట్లో ఒక్క గుండీ కుట్టమంటే రాదంటారే!" అంది. ఆయన ఇంకో ముడి వేశాడు. మధ్యలో కలుసుకున్నాం. తాళ్ళాయన తెరచాప ఎత్తాడు. అది గాలి పోసుకుని బుర్రున ఉబ్బింది. నిలిచింది.

వెళ్ళి లంగరేశాం. అక్కడ ఏమీ లేదు. నీళ్ళు. ఒట్టి నీళ్ళు. నాకు ఏడుపొచ్చేసింది. "బొమ్మ అబద్ధమా?" అన్నాను. "టీ పెట్టు" అన్నారు కెప్టెన్ గారు. టీ పెట్టాను. తాగి, కప్పులు కడిగి పైకొచ్చేసరికి నీళ్ళ రంగు మారింది. ఒకచోట లేతగా అయింది. ఇంకా లేతగా. తర్వాత గేదె నీళ్ళల్లోంచి లేస్తున్నట్టు ఒక తడి వీపు పైకి వచ్చింది.

చిన్న పడవ ఇంకా ఆగలేదు, నేను దూకేశాను. మోకాళ్ళ లోతు. "ఆగు!" అని కెప్టెన్ గారు వెనక నుంచి అరుస్తున్నారు. ఎవరాగుతారు! ఇసుక గట్టిగా, గీతలు గీతలుగా, అరికాళ్ళకి చక్కిలిగింతలు పెడుతూ ఉంది. మన షాపంత కూడా లేదు అక్కా. నేను దాని చుట్టూ పరిగెత్తాను. అటు పరిగెత్తాను, ఇటు పరిగెత్తాను. తర్వాత ఏం చెయ్యాలో తెలీలేదు. ఇన్నేళ్ళు ఇక్కడికి రావాలనుకున్నాను గానీ, వచ్చాక ఏం చేస్తానో ఒక్కసారీ అనుకోలేదు! అది తట్టగానే నవ్వొచ్చింది. ఒక్కదాన్నే సముద్రం మధ్యలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను.

మిగతా వాళ్ళు బల్లా కుర్చీలూ దింపారు. భోజనం వడ్డించాను. వేయించిన చేప, ఆలుగడ్డలు. అందరం తింటూ మాటల్లో పడ్డాం. పోటు మొదలైన సంగతి ఎవరూ చూసుకోలేదు. ముందు బల్ల కాళ్ళు మునిగాయి. తర్వాత ఒక కుర్చీ మెల్లగా లేచి, మా దగ్గర సెలవు తీసుకుని వెళ్ళిపోయింది. తాళ్ళాయన దాని వెనక ఈదాడు. పళ్ళ డాక్టరు మాత్రం ప్లేటు గుండెల దాకా ఎత్తి పట్టుకుని, నీళ్ళల్లో నిలబడి, "ఇంకో చేప ముక్క ఉందా?" అన్నాడు. వేశాను. నీళ్ళల్లో నిలబడి, ఈతొచ్చిన మనిషిలా, కంగారు లేకుండా వేశాను.

నీ ఉత్తరం తిరిగొచ్చాక చదివాను. నువ్వు నన్ను భయపెట్టలేదు అక్కా. నువ్వు అరవని ఇంట్లో నాకు తోచదు. అందుకే రేపే బస్సెక్కుతున్నాను. మిగతాది ఎదురుగా కూర్చుని చెప్తాను. ఈ ఉత్తరం ముందొస్తుందో నేను ముందొస్తానో!

ఇసుక ఇంకా చెప్పుల్లో ఉన్న,
నీ చెల్లి

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 9

అక్కా!!

నువ్వు అక్కడేం చేస్తున్నావు?

బస్సు దిగి పరిగెత్తుకొచ్చాను. షాపులో నీ కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు, మెడలో టేపు. ఎదురుగా ఒక కస్టమరు చేతులు చాపి నిలబడి ఉన్నాడు. "మీ అక్క కోటు సరిచేస్తానని సూదీ కత్తెరా పట్టుకుని నీ దగ్గరికే వచ్చింది. నాకు చెప్పలేదు. చీటీ పెట్టి వెళ్ళింది" అన్నాడు. ఆ చీటీలో ఏముందో తెలుసా? "చెప్తే నువ్వు వద్దంటావు."

మన బస్సులు ఎక్కడో ఎదురెదురుగా హారన్ కొట్టుకుని వెళ్ళిపోయి ఉంటాయి.

బావకి అన్నం పెట్టాను. ఆ కస్టమరు కొలతలు మళ్ళీ తీశాను, బావ ఛాతీ అని రాసుకున్నది అతని ఎత్తు. నువ్వెక్కడ ఉన్నా అక్కడే ఉండు. లేదా వచ్చెయ్. ఏదో ఒకటి చెయ్యి గానీ మళ్ళీ దారిలో దాటిపోకు!

కంగారుగా,
నీ చెల్లి

*

పడవ నుంచి,
ఫిబ్రవరి 18

ఒసేయ్,

అరవకు. నేను క్షేమం. ఎక్కువ మాట్లాడితే కళ్ళు తిరుగుతాయి, అందుకని మెల్లగా రాస్తున్నాను.

రేవులో దిగాను. పడవ దగ్గర ఎవరో నూనె మరకల బట్టల్లో ఇంజను తుడుస్తోంది. మెడ వెనక నుంచి చూడగానే నాకు తెలిసిపోయింది. భుజం పదిహేను! పదిహేనే! నువ్వు సరిగ్గా తీశావు, నేనే నా తెలివికొద్దీ పాడు చేశాను. "కోటు ఇవ్వండి" అన్నాను, నమస్కారం కూడా చెప్పకుండా. ఆవిడ ఒక్క క్షణం చూసి, "అక్కగారా?" అని, తెచ్చి ఇచ్చింది. నా చేతి గుడ్డ అలా మడతలు పడి తిరుగుతుంటే నాకు పదిరోజులుగా నిద్ర లేదు. మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. ఇప్పుడు వేసుకుంటే చూడాలే, రాణిలా ఉంది.

ఆ తర్వాత, పడవని మరమ్మతుకి అవతలి రేవుకి తీసుకెళ్ళాలి, దారిలో పరుపుల గలీబులు కుట్టిపెడతారా అని అడిగింది. ససేమిరా అన్నాను. ఈ జన్మలో పడవెక్కనని చెప్పాను. చెప్తూనే ఎక్కాను. ఎలా ఎక్కానో ఇప్పటికీ అర్థం కావట్లేదు. మొదటి రోజంతా కడుపులో ఉన్నదంతా సముద్రానికి అప్పగించాను. రెండో రోజు లేచి వంటగది చూశాను. నువ్వు గరిటెలన్నీ ఎడం వైపు పెట్టావేంటి? కుడి వైపుకి మార్చాను. తాళ్ళాయనకి చొక్కా గుండీ ఊడితే కుట్టాను. "థాంక్స్" అన్నాడు. ఆ రోజుకి అదే మాట అట, నాకు ఖర్చుపెట్టాడు!

నీ ఇసుక మీదుగానే వెళ్ళాం. నీళ్ళు తీసి ఉన్నాయి, మేట పైకి తేలి ఉంది. "దిగుతారా?" అని కెప్టెన్ గారు అడిగింది. వద్దన్నాను. అది నీది. నువ్వు చెయ్యి పట్టుకుని దింపితే దిగుతాను. కానీ పడవ అంచు పట్టుకుని చాలాసేపు చూశాను. ఇంత చిన్నదాని కోసమా అనుకున్నాను. ఇంత అందంగా ఉందా అని కూడా అనుకున్నాను. నా పక్కనే కూర్చుని ఇంత దూరం చూసేదానివా!

ఇప్పుడు అసలు సంగతి. నిన్న కెప్టెన్ గారు సముద్రం పటం పరిచి చూపిస్తుంటే, నీ ఇసుకకి ఇంకా అవతల, ఒక చుక్క కనిపించింది. "అదేంటి?" అన్నాను. మనుషుల్లేని దీవట. పక్షులేనట. లక్షలు. అన్నీ ఒక్కసారి లేస్తే మిట్టమధ్యాహ్నం చీకటి పడుతుందట. నువ్వు నమ్మవు, నాకు ఒళ్ళు జలదరించింది. నేను ఇంతవరకూ ఏదీ చూడాలనుకున్న మనిషిని కాను కదా. గుడ్డ చూస్తే కొలత చూస్తాను, మనిషిని చూస్తే కొలత చూస్తాను. రాత్రంతా ఆ చుక్కే. పొద్దున్నే లేచి, "అక్కడికి ఎప్పుడెళ్తారు?" అని అడిగేశాను. మరమ్మతయ్యాక పడవని ఖాళీగా ఒకసారి పరీక్షకి తిప్పాలట. "ఎటు తిప్పితేనేం, అటే తిప్పుదాం. పెళ్ళివారిని కూడా పిలవండి" అంది. ఈవిడ నన్ను ఈ జన్మలో వదలదు.

కాబట్టి షాపుకి తాళం వేసి పాత రేవుకే రా, అక్కడ ఎక్కించుకుంటాం. ఎవరి గుండీలు వాళ్ళు ఓ నెల పట్టుకుని తిరుగుతారు. బావకి చెప్పకు, వద్దంటాడు. ఆఖరి బస్సని చెప్పి ఎక్కించెయ్, దిగాక సముద్రం చూసి తనే "రైట్ రైట్" అంటాడు.

ఇంకొకటి. ఆ పక్షుల కింద నిలబడితే నెత్తి మీద వాన పడ్డట్టే ఉంటుందట, అది వాన మాత్రం కాదట. గొడుగులు తీసుకురా. పెద్దవి!

పడవ ఊగుతోంది, ఉంటాను,
నీ అక్క